టిప్పరరీ: ఒక కౌంటీ, రెండు ఆటలు

ఐర్లండ్ దక్షిణ భాగాన మన్‌స్టర్ అనే ప్రాంతం ఉంది. అందులోని ఆరు కౌంటీల్లో టిప్పరరీ ఒకటి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఐర్లండ్‌లో సముద్రతీరం లేని కౌంటీలన్నిటిలో టిప్పరరీయే పెద్దది. షూర్ నది థర్లస్, కాహిర్, క్లోన్మెల్, క్యారిక్ ఊళ్లను ఒరుసుకుంటూ దాని మీదుగా పారుతుంది. నదికి ఇరువైపులా పచ్చిక బీళ్లు, పాడి పశువులు, నడుమ చిన్న చిన్న ఊళ్లు. ఈ నేల మీద రెండు ఆటలు పెరిగాయి. ఒకటి హర్లింగ్, రెండోది గేలిక్ ఫుట్‌బాల్. రెండూ ఐర్లండ్ సొంత ఆటలే.

కౌంటీ ఉత్తర భాగం, మధ్య భాగం హర్లింగ్‌వి. థర్లస్, నీనా, హోలీక్రాస్, టూమెవారా ఊళ్ల పిల్లలకు నడక వచ్చీ రాగానే చేతికి కర్ర వస్తుంది. దక్షిణాన క్లోన్మెల్, ఫెథర్డ్, గ్రేంజ్‌మాక్లర్ వైపు వెళితే ఫుట్‌బాల్ గాలి వీస్తుంది. అయితే గీత గీసినట్టు విడదీయడానికి వీల్లేదు. రెండు ఆటలనూ సమానంగా ఆడే ఊళ్లు కూడా ఉన్నాయి. టిప్పరరీ పేరు చెబితే ఐర్లండ్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హర్లింగే. కానీ ఆ కౌంటీకి తగిలిన అతి లోతైన గాయం ఫుట్‌బాల్ మైదానంలో తగిలింది. అందుకే ఒక ఆటను వదిలి రెండోదాని గురించి మాత్రమే చెబితే టిప్పరరీ కథ సగంలోనే ఆగిపోతుంది.

హర్లింగ్ చాలా పాత ఆట. ఐరిష్ పురాణగాథల్లోని కుహూలన్ అనే వీరుడు చిన్నతనంలోనే కర్ర, బంతి పట్టి తనకంటే పెద్దవాళ్లను ఓడించాడని చెబుతారు. 1366లో ఐర్లండ్‌లోని ఇంగ్లీషు పాలకులు తమవాళ్లెవరూ హర్లింగ్ ఆడకూడదని చట్టమే చేశారు. వచ్చిన ఇంగ్లీషువాళ్లు స్థానికుల ఆటలో పడిపోతున్నారన్న భయం వాళ్లది. ఆ చట్టం ఆటను ఆపలేకపోయింది. ఆటను దాదాపు ఆపినది 1845లో మొదలైన బంగాళాదుంప కరువు. జనం చచ్చిపోయారు, మిగిలినవాళ్లలో లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఊళ్లలో ఆడేవాళ్లే కరువయ్యారు. 1870ల నాటికి టిప్పరరీ ఊళ్లలో బాగా పాకిన ఆట క్రికెట్ అంటే ఇప్పుడు నమ్మడం కష్టం. జమీందార్లు, సైన్యాధికారులే కాదు, పొలం కూలీలు కూడా ఆడేవారు.

ఈ పరిస్థితిని మార్చాలని పూనుకున్నవాడు మైకేల్ క్యూసాక్. పక్కనున్న క్లేర్ కౌంటీలో పుట్టి, డబ్లిన్‌లో పాఠశాల నడిపిన ఉపాధ్యాయుడు. తానూ క్రికెట్, రగ్బీ ఆడినవాడే. 1884 నవంబరు 1న థర్లస్ పట్టణంలోని హేస్ హోటల్లో ఒక సమావేశం జరిగింది. వచ్చినవాళ్లు గుప్పెడు మందే. గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ అక్కడ పుట్టింది. తొలి అధ్యక్షుడు మారిస్ డేవిన్, టిప్పరరీలోని క్యారిక్ వాడు, ఆ రోజుల్లో సుత్తి విసరడంలో పేరు మోసిన క్రీడాకారుడు. థర్లస్‌లో నివసించే క్యాషెల్ ఆర్చిబిషప్ థామస్ క్రోక్ సంఘానికి పోషకుడిగా ఉండడానికి ఒప్పుకున్నాడు. స్వదేశీ ఆటలను వదిలి పరాయి ఆటల వెంట పడుతున్నామని తన ఉత్తరంలో బాధపడ్డాడు. డబ్లిన్‌లోని ప్రధాన క్రీడామైదానానికి క్రోక్ పార్క్ అని పేరొచ్చింది ఆయన వల్లనే. సంఘానికి ఊళ్ల అండ త్వరగా దొరకడానికి కారణం ఆటొక్కటే కాదు. అది కౌలు రైతులు జమీందార్ల మీద పోరాడుతున్న కాలం. సొంత ఆట ఆడడం సొంత నేల అడగడంతో కలిసిపోయింది.

ఇక ఆటల సంగతి. రెండింటికీ మైదానం ఒక్కటే. పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు. సాకర్ మైదానం కంటే బాగా పెద్దది. జట్టుకు పదిహేను మంది. రెండు చివర్లలో ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో గోలు స్తంభాలుంటాయి. బంతి అడ్డకర్ర కింద వలలోకి వెళితే గోలు. అడ్డకర్ర పైనుంచి స్తంభాల నడుమ వెళితే పాయింటు. ఒక గోలుకు మూడు పాయింట్ల విలువ. అందుకే స్కోరును రెండు అంకెలుగా చెబుతారు. రెండు గోల్స్, పన్నెండు పాయింట్లు అంటే మొత్తం పద్దెనిమిది. కౌంటీ స్థాయి పెద్ద ఆటలు డెబ్బై నిమిషాలు సాగుతాయి.

హర్లింగ్ కర్రను హర్లీ అంటారు. చూడడానికి హాకీ కర్రలా అనిపించినా దాని అడుగు భాగం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దాన్ని యాష్ చెట్టు మొదలు నుంచి చేస్తారు. వేరు దగ్గర చెట్టు సహజంగా వంపు తిరుగుతుంది. ఆ వంపుతోపాటే చెక్క నరాలు కూడా తిరుగుతాయి కాబట్టి దెబ్బకు కర్ర తట్టుకుంటుంది. బంతి పేరు స్లిటర్. లోపల కార్కు, పైన కుట్టిన తోలు. నూట పది నుంచి నూట ఇరవై గ్రాముల బరువు. నేల మీద పడిన బంతిని చేత్తో తీయకూడదు, కర్రతోనే లేపాలి. చేతిలో పట్టుకుంటే నాలుగడుగులకు మించి నడవకూడదు. దూరం పరుగెత్తాలంటే బంతిని కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తాలి. చుట్టూ ప్రత్యర్థులు కర్రలు ఊపుతుండగా, చూపు దారి మీద ఉంచి, చిన్న బంతిని కర్ర మీద ఆపుకుంటూ పోవడం ఏళ్ల సాధన లేకుండా కుదిరేది కాదు. చేయి తిరిగినవాడు దాదాపు 80 మీటర్ల దూరం నుంచి కూడా పాయింటు కొట్టగలడు. బంతి గాలిలో ఉండగా చేయి పైకెత్తి, కర్రల మధ్య నుంచి దాన్ని అందుకోవడం ఈ ఆటలో చూసేవారి ఊపిరి బిగబట్టించే ఘట్టం. 2010 నుంచి అందరూ శిరస్త్రాణం పెట్టుకోవాల్సిందే. అంతకుముందు చాలామంది ఒట్టి తలతోనే ఆడేవారు. మైదానపు ఆటల్లో ఇంత వేగం, ఇంత నైపుణ్యం ఒకేచోట కలిసిన ఆట మరొకటి దొరకడం అరుదు.

గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతి సాకర్ బంతి అంతే ఉంటుంది, బరువు కాస్త ఎక్కువ. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు. విసరడం మాత్రం తప్పు. నాలుగడుగులకోసారి బంతిని నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా కాలి వేళ్ల మీదికి వదిలి మళ్లీ చేతిలోకి తన్నుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొట్టకూడదు. ఇటీవలి ఏళ్లలో జట్లు వెనక్కి తగ్గి, బంతిని పక్కలకు అందించుకుంటూ కాలం గడపడంతో చూసేవాళ్లకు విసుగొచ్చింది. 2025లో కొత్త నియమాలు తెచ్చారు. నలభై మీటర్ల వంపు గీత బయటి నుంచి కొట్టిన పాయింటుకు ఇప్పుడు రెండు లెక్క. ఆట మళ్లీ విచ్చుకుంది.

ఈ ఆటలకు వేళ్లు పారిష్‌లో ఉన్నాయి. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే కొన్ని ఊళ్ల సముదాయం. ప్రతి పారిష్‌కూ ఒక క్లబ్బు. పుట్టిన ఊరి క్లబ్బుకే ఆడడం ఆచారం. డబ్బిచ్చి ఆటగాణ్ని కొనడం, అమ్మడం లేదు. క్లబ్బుల పోటీల్లో మెరిసినవాళ్లలో నుంచి కౌంటీ జట్టును ఎంచుతారు. పసుపు, నీలం రంగుల టిప్పరరీ చొక్కా తొడుక్కోవడం అక్కడి కుర్రవాడికి దొరికే అతి పెద్ద గౌరవం. జీతం మాత్రం ఉండదు. వేల మంది కేకల మధ్య ఆదివారం మైదానంలో ఆడినవాడు సోమవారం పొద్దున బడిలో పాఠం చెబుతూనో, పొలంలో ఆవులు పితుకుతూనో కనిపిస్తాడు. గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాళ్లు, పిల్లలకు ఆట నేర్పేవాళ్లు, గడ్డి కత్తిరించేవాళ్లు ఎక్కువగా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే.

మొట్టమొదటి అఖిల ఐర్లండ్ హర్లింగ్ పోటీ 1887 సంవత్సరానిది. దాని ఫైనల్ 1888 ఏప్రిల్ 1న బిర్ అనే ఊళ్లో జరిగింది. అప్పట్లో జట్టుకు ఇరవై ఒక్కమంది. థర్లస్ క్లబ్బు టిప్పరరీ తరఫున ఆడి గాల్వే కౌంటీకి చెందిన మీలిక్ జట్టును ఓడించింది. తొలి ఛాంపియన్ టిప్పరరీయే అయింది. 1889లో బోహర్‌క్రో క్లబ్బు టిప్పరరీకి తొలి ఫుట్‌బాల్ కిరీటం తెచ్చింది. 1895లోనూ, 1900లోనూ టిప్పరరీ రెండు ఆటల్లోనూ అఖిల ఐర్లండ్ విజేత. ఒకే ఏడాది రెండూ గెలవడం టిప్పరరీ కాకుండా కార్క్ కౌంటీకి మాత్రమే సాధ్యమైంది. ఆనాటి థర్లస్ నాయకుల్లో టామ్ సెంపుల్ ఒకడు. మూడు అఖిల ఐర్లండ్ విజయాలు చూసిన హర్లర్. 1910లో థర్లస్‌లో ఒక మైదానాన్ని కొని క్రీడలకు కేటాయించారు. అదే పెరిగి పెరిగి నేటి సెంపుల్ స్టేడియం అయింది. నలభై అయిదు వేల మంది పట్టే ఈ మైదానం హర్లింగ్ లోకానికి పుణ్యక్షేత్రం. 1984లో గేలిక్ సంఘం నూరేళ్ల పండుగ జరుపుకున్నప్పుడు అఖిల ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్‌ను డబ్లిన్‌లో కాకుండా అక్కడే ఆడించారు.

1920 నవంబరు 21 ఆదివారం. ఐర్లండ్ స్వాతంత్ర్య యుద్ధం సాగుతోంది. ఆ ఉదయం డబ్లిన్‌లో ఐరిష్ తిరుగుబాటు నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు బ్రిటిష్ గూఢచారులపై దాడి చేసి పలువురిని చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో టిప్పరరీ, డబ్లిన్ జట్ల మధ్య స్నేహపూర్వక ఫుట్‌బాల్ ఆట. మొదలైన కాసేపటికే పోలీసు దళాలు మైదానంలోకి చొరబడి జనం మీద కాల్పులు జరిపాయి. పధ్నాలుగు మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలున్నారు. ఆటగాళ్లలో చనిపోయినవాడు ఒక్కడే, టిప్పరరీ వెనుక వరుసలో ఆడుతున్న గ్రేంజ్‌మాక్లర్ యువకుడు మైకేల్ హోగన్. క్రోక్ పార్క్‌లోని ప్రధాన ప్రేక్షకుల స్టాండుకు ఆయన పేరే పెట్టారు. ఏ కౌంటీ గెలిచినా, దాని నాయకుడు కప్పు అందుకోవడానికి హోగన్ స్టాండ్ మెట్లే ఎక్కాలి.

భారతీయులకు ఇక్కడ మరో విషయం తట్టకమానదు. దానికి ఏడాదిన్నర ముందే జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. వాటిని సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయర్ పుట్టింది ఈ టిప్పరరీలోనే. సామ్రాజ్యానికి కొమ్ము కాసినవాణ్ని, దాని తూటాకు బలైనవాణ్ని ఒకే కౌంటీ కన్నది.

యుద్ధం వల్ల 1920 అఖిల ఐర్లండ్ ఫుట్‌బాల్ ఫైనల్ 1922 జూన్ దాకా జరగలేదు. జరిగినప్పుడు ప్రత్యర్థి మళ్లీ డబ్లినే. టిప్పరరీ గెలిచింది. కౌంటీకి అది నాలుగో ఫుట్‌బాల్ కిరీటం, ఇప్పటివరకూ చివరిది. అఖిల ఐర్లండ్ పోటీకి దారి అయిన మన్‌స్టర్ ప్రాంతీయ పోటీలో ఎదురయ్యేది ఫుట్‌బాల్‌లో దేశానికే మేటి అయిన కెరీ కౌంటీ, ఆ వెనుక కార్క్. వాళ్లను దాటడం కష్టమైంది. కుర్రవాళ్లలో మేటివాళ్లను హర్లింగ్ ఎగరేసుకుపోయింది. రెండాటలూ వచ్చినవాణ్ని కౌంటీ ఎప్పుడూ హర్లింగ్ వైపే లాగేది. ఫుట్‌బాల్ ఊళ్లకు దీనివల్ల బాధ కలగడం న్యాయమే.

హర్లింగ్‌లో మాత్రం సంపద కురిసింది. 1930లో సీనియర్, జూనియర్, మైనర్ (కుర్రవాళ్ల) మూడు అఖిల ఐర్లండ్ కప్పులూ టిప్పరరీవే. 1949, 1950, 1951 వరసగా మూడు. 1961 నుంచి 1965 వరకు అయిదేళ్లలో నాలుగు. ఈ కాలమంతా జట్టుకు వెన్నెముకగా నిలిచిన హోలీక్రాస్ రైతు జాన్ డాయల్ ఎనిమిది అఖిల ఐర్లండ్ పతకాలు సాధించాడు. ఆయన, మైకేల్ మార్, కీరన్ కేరీ ముగ్గురూ గోలు ముందు కాపు కాసే చోటును నరకపు వంటిల్లు అని పిలిచేవారు. అందులోకి వెళ్లిన ప్రత్యర్థి కాలకుండా బయటపడడం కష్టమని అర్థం. ముందు వరుసలో థర్లస్ వాడైన జిమ్మీ డాయల్ ఆట ఇందుకు పూర్తిగా భిన్నం. బలం కంటే మణికట్టు నేర్పుతో ఆరు పతకాలు అందుకున్నాడు. 1971 ఫైనల్‌లో బాబ్స్ కీటింగ్ బూట్లు విప్పేసి, వట్టి కాళ్లతో ఆడి గెలిపించిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత పదహారేళ్లు కరువు. మన్‌స్టర్ కప్పు కూడా దక్కలేదు. 1987లో అదే కీటింగ్ శిక్షకుడిగా జట్టును కిల్లార్నీకి తీసుకెళ్లి, కార్క్‌తో డ్రా అయిన మన్‌స్టర్ ఫైనల్ మళ్లీ జరిగినప్పుడు అదనపు సమయంలో గెలిపించాడు. కరువు తీరిందని నాయకుడు రిచర్డ్ స్టేక్‌లమ్ ప్రకటించాడు. 1989 అఖిల ఐర్లండ్ ఫైనల్‌లో నికీ ఇంగ్లిష్ ఒక్కడే రెండు గోల్స్, పన్నెండు పాయింట్లు కొట్టాడు. 2010లో పొరుగు కౌంటీ కిల్కెనీ వరసగా అయిదో కప్పు కోసం వస్తే, లార్ కార్బెట్ మూడు గోల్స్‌తో ఆ కల చెదిరింది. 2016, 2019 ఫైనళ్లలోనూ కిల్కెనీయే ఓడింది.

2025 కథ వీటన్నిటికంటే విచిత్రమైనది. 2024లో మన్‌స్టర్ పోటీలో టిప్పరరీ ఒక్క ఆటా గెలవలేదు. 2025 ఏప్రిల్‌లో కార్క్ మైదానంలో కార్క్‌తో ఆట మొదలవకముందే పంతొమ్మిదేళ్ల డారా మెకార్తీకి రెడ్ కార్డు పడింది. పధ్నాలుగు మందితో ఆడిన టిప్పరరీ పదిహేను పాయింట్ల తేడాతో ఓడింది. శిక్షకుడు లియమ్ కాహిల్ ఆ కుర్రవాణ్ని పక్కన పెట్టలేదు. జులై 20న క్రోక్ పార్క్‌లో ఫైనల్, ప్రత్యర్థి మళ్లీ కార్క్. సగం ఆటకు కార్క్ ఆరు పాయింట్ల ముందంజలో ఉంది. రెండో సగంలో టిప్పరరీ మూడు గోల్స్, పధ్నాలుగు పాయింట్లు కొడితే, కార్క్‌కు దక్కింది రెండే పాయింట్లు. గోల్‌కీపర్ రీస్ షెల్లీ పెనాల్టీ ఆపాడు. జాన్ మెగ్రా రెండు గోల్స్ కొట్టాడు. మెకార్తీ ఒక గోలు, పదమూడు పాయింట్లు చేశాడు. తేడా ఈసారీ పదిహేను పాయింట్లే, కానీ టిప్పరరీ వైపు. నాయకుడు రోనన్ మార్ ఎత్తిన లియమ్ మెకార్తీ కప్పు (అఖిల ఐర్లండ్ హర్లింగ్ కప్పు పేరది) కౌంటీకి ఇరవై తొమ్మిదో హర్లింగ్ కిరీటం. ఇంతకంటే ఎక్కువ గెలిచినవి కిల్కెనీ, కార్క్ మాత్రమే.

ఫుట్‌బాల్‌కు కూడా తన రోజు వచ్చింది. 2015లో క్లోన్మెల్ కమర్షియల్స్ మన్‌స్టర్ క్లబ్బుల కప్పు గెలిచింది. టిప్పరరీ ఫుట్‌బాల్ క్లబ్బు ఏదీ అంతకుముందు ఆ పని చేయలేదు. 2020లో కోవిడ్ వల్ల పోటీలు చలికాలానికి వాయిదా పడ్డాయి. దానివల్ల నవంబరు 22న, హోగన్ మరణించి నూరేళ్లు నిండిన మరుసటి రోజున, టిప్పరరీ కార్క్‌తో మన్‌స్టర్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆడింది. 1920 నాటి జట్టు తొడిగిన తెలుపు, ఆకుపచ్చ చొక్కాలనే ఆ రోజు తొడుక్కున్నారు. స్టాండ్లు ఖాళీ. టిప్పరరీ మూడు పాయింట్లతో గెలిచింది. 1935 తర్వాత అదే మొదటి మన్‌స్టర్ ఫుట్‌బాల్ కిరీటం. అదే రోజు ఉత్తరాన కావన్ కూడా గెలవడంతో 1920లో ప్రాంతీయ విజేతలైన నాలుగు కౌంటీలే, టిప్పరరీ, కావన్, డబ్లిన్, మేయో, మళ్లీ సెమీఫైనల్‌కు చేరాయి. సెమీఫైనల్‌లో మేయో టిప్పరరీని ఓడించింది. అయినా ఆ నవంబరు ఆదివారాన్ని దక్షిణ టిప్పరరీ ఊళ్లు మరచిపోవు.

రెండాటలూ పక్కపక్కన బతకగలవా అన్న ప్రశ్నకు లాక్‌మోర్-క్యాసిల్‌ఐనీ అనే చిన్న క్లబ్బు జవాబిచ్చింది. దాదాపు అదే ఆటగాళ్లతో హర్లింగ్ ఒక వారం, ఫుట్‌బాల్ మరో వారం ఆడుతూ 2013లోనూ, 2021లోనూ కౌంటీ సీనియర్ కప్పులు రెంటినీ ఇంటికి తెచ్చుకుంది. పెద్ద పట్టణపు క్లబ్బులకు చేతకానిది ఒక పల్లె సాధించడం టిప్పరరీ ఆటల చరిత్రలో కప్పుల లెక్క కంటే గొప్ప విషయం.

ఆడపిల్లల ఆటలోనూ ఈ కౌంటీ ముందుంది. మహిళలు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు. 1999 నుంచి 2004 వరకు టిప్పరరీ అయిదు అఖిల ఐర్లండ్ కమోగీ కప్పులు గెలిచింది. 1974లో మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది కూడా అదే థర్లస్ హేస్ హోటల్లో. ఆ ఏడాదే జరిగిన తొలి మహిళా ఫైనల్‌లో ఆఫలీని ఓడించి టిప్పరరీ తొలి విజేత అయింది.

హర్లింగ్‌ను 2018లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆటకు ఇప్పుడున్న చిక్కు చెట్టు వల్ల వచ్చింది. యాష్ చెట్లను ఎండగొట్టే శిలీంధ్ర వ్యాధి 2012లో ఐర్లండ్‌లో కనబడి, అప్పటి నుంచి తోటలను మట్టుబెడుతోంది. హర్లీలు చెక్కేవాళ్లు చెక్కను యూరప్‌లోని ఇతర దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. అక్కడా ఆ జబ్బే ఉంది. వెదురును అతికించి చేసిన కర్రలు, కృత్రిమ పదార్థాల కర్రలు మైదానాల్లోకి వచ్చాయి. పాతతరం ఆటగాళ్లు యాష్ కర్ర చేతికిచ్చే స్పర్శ, బంతి తగిలినప్పుడు వచ్చే చప్పుడు వీటిలో లేవంటారు. చిన్నపిల్లలు మాత్రం ఏ కర్ర దొరికితే దానితోనే ఆడుతున్నారు. 2024లో టిప్పరరీ మైనర్ జట్టు, 2025లో ఇరవై ఏళ్ల లోపు జట్టు అఖిల ఐర్లండ్ హర్లింగ్ విజేతలుగా నిలిచాయి.